చెరుకు నరికిన చోట గాలి

వెనక నుంచి గాలి వీస్తుండగా విమానం దించాననీ, అది నా అజ్ఞానమనీ రిపోర్టులో రాశారు. మొదటి మాట నిజం. రెండో మాట అబద్ధం.

రాసిన ఇన్‌స్పెక్టర్ విమానం దిగే స్ట్రిప్పు చివరిదాకా నడవలేదు. జీపు దిగిన చోటే నిలబడి, విరిగిన రెక్కను చూసి, చాయ్ తాగి, నన్ను నాలుగు మాటలు అడిగి వెళ్ళిపోయాడు. ఆయన రాసిన ఆ ఒక్క మాటతో నా లైసెన్సు పెట్టెలోకి పోయింది. నేను మా ఊరు వేల్పూర్‌లో పసుపు దుంపలు ఉడకబెట్టుకుంటూ కూర్చున్నాను.

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మాట తలుచుకుంటే నాకు రోషం వస్తుంది. రావాలి కూడా. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇది చదవాలని రాస్తున్నాను. నన్ను ఏ మెట్టు ఎప్పుడు ఎక్కించారు, ఏ సభలో శాలువా కప్పారు అన్నవి ఇందులో ఉండవు. వాటితో ఎవరికీ విమానం దించడం రాదు.

పని ఇదీ

మీరిప్పుడు నడిపే విమానాలకు చాలావాటికి ముక్కు కింద చక్రం ఉంటుంది. అవి బుద్ధిమంతులైన బర్రెలు. ఎటు తోలితే అటు పోతాయి. మావి తోకచక్రం విమానాలు. ముందు రెండు పెద్ద చక్రాలు, తోక కింద ఒక చిన్న చక్రం. బరువంతా పెద్ద చక్రాలకు వెనక ఉంటుంది. ఎడ్లు లేని బండిని నొగ పట్టుకుని వెనక్కి నెట్టి చూసినవాడికి దీని సంగతి తెలుస్తుంది. నొగ జానెడు పక్కకు తప్పిందంటే చాలు, మిగతా బండి నీ మాట వినదు, గిర్రున తిరిగిపోతుంది. తోకచక్రం విమానం నేల మీద పరుగెత్తేటప్పుడు ప్రతి క్షణమూ అట్లా తిరగాలనే చూస్తుంటుంది. దాన్ని ఆపేవి పైలట్ పాదాలు. పాదాల కింద పెడళ్ళు, పెడళ్ళకు తీగలతో కట్టిన తోక మీది రడ్డర్, రడ్డర్ మీద పారే గాలి. గాలి పారకపోతే రడ్డర్ రేకుముక్కతో సమానం.

మా పని చెరుకు మీద మందు చల్లడం. అరవైల్లో బోధన్ చుట్టూ చెరుకే. వానాకాలంలో ఆకు రసం పీల్చే పురుగు పడిందంటే తోటలకు తోటలు పసుపుపచ్చగా మారేవి. మనిషి వీపున డబ్బా కట్టుకుని రెండు నిలువుల చెరుకులోకి దూరి ఎంతని కొడతాడు? అందుకని ఒక కంపెనీ విమానాలు పెట్టింది. నేను వాళ్ళ పైలట్‌ని.

స్ట్రిప్పు అంటే ఏమనుకుంటున్నారు? కాలువ ఒడ్డున, చెరుకు తోటల మధ్య ఎర్ర మొరం పోసి రోలరు తిప్పిన సన్నటి దారి. పడమటి కొన ఖాళీ. తూర్పు కొనన కాలువ గట్టు, గట్టు వెంట కరెంటు తీగలు. అటునుంచి దిగడానికి లేదు, అటువైపు లేవడానికీ లేదు. పడమటి నుంచి వచ్చి దిగాలి, కాలువ దగ్గర మందు నింపుకోవాలి, తిరిగి పడమటికే లేవాలి. వానాకాలం గాలి నైరుతి నుంచి వీస్తుంది. అంటే కడుపునిండా మందుతో లేచేటప్పుడు ఎదురుగాలి, ఖాళీ కడుపుతో దిగేటప్పుడు వెనకగాలి. బరువుతో లేవడమే ప్రమాదం కనక మంచి గాలిని దానికి ఇచ్చి, చెడ్డ గాలిని దిగడానికి ఉంచుకున్నాం. ఇది అజ్ఞానం కాదు, బేరం. లోకంలో మందు చల్లే ప్రతివాడూ ఎక్కడో ఒకచోట చేసే బేరమే.

కెప్టెన్ సాబ్

నా చదువు ఉర్దూ బడిలో ఆగింది. తర్వాత ట్రాక్టరు నడుపుతూ మెట్రిక్ ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. 1956లో, రాష్ట్రం పేరు మారిన ఆ రోజుల్లో, హైదరాబాదులో విమానాలు నేర్పేచోట మెకానిక్కుల దగ్గర పనికి కుదిరాను. తర్వాత అక్కడే ఎగరడం నేర్చుకున్నాను. ఇంగ్లీషు పుస్తకం ఒక చేత, డిక్షనరీ ఒక చేత పట్టుకుని చదివాను. ఒక్కో పేజీకి ఒక్కో పూట పట్టేది. పట్టనీ. ఆ పేజీలు ఇప్పటికీ నోటికి వస్తాయి.

నేర్పినాయన పాత పటాలం మనిషి. అందరం కెప్టెన్ సాబ్ అనేవాళ్ళం. గాలి బలంగా ఉన్న పొద్దున మిగతా పిల్లలను ఇంటికి పంపి, నన్ను మాత్రం విమానంలో కూర్చోబెట్టేవాడు. ఎగరడానికి కాదు. గాలికి వీపు పెట్టి మైదానమంతా నేల మీదే నడిపించడానికి.

"సాబ్, నేను ఎగరడానికొచ్చిన, బండి తోలడానికి రాలే" అన్నాను ఒకనాడు.

"మియా, ఎగరడం గాడిదకు కూడా నేర్పొచ్చు" అన్నాడు. "ఉతర్నే కే బాద్ క్యా కరోగే? దిగినంక ఏం చేస్తావు, అది చెప్పు."

ఆయన నేర్పిన సంగతి ఇది. గాలి ఎదురుగా ఉన్నప్పుడు చేతిలోని స్టిక్‌ను పొట్టకు లాక్కుంటే తోక నేలకు అతుక్కుంటుంది. గాలి వెనక ఉన్నప్పుడు, విమానం వేగం గాలి వేగం కంటే తగ్గిపోతే లెక్క తిరగబడుతుంది. స్టిక్‌ను అట్లాగే పొట్టకు పట్టుకుంటే వెనకగాలి తోక కిందికి దూరి పైకి ఎత్తుతుంది. అప్పుడు స్టిక్‌ను ముందుకు నెట్టాలి. చేతులు ఇందుకు ఒప్పుకోవు. నెలల తరబడి వెనక్కి లాగడం నేర్చిన చేతులు అవి. అందుకే నేల మీద అన్ని పొద్దులు తిప్పాడు. రడ్డర్ చచ్చిపోయిందనిపిస్తే ఇంజనుకు ఒక్క విసురు ఇవ్వు, ముక్కున తిరిగే పంఖా గాలి రడ్డర్ మీదికి కొడుతుంది, అది బతుకుతుంది అని కూడా ఆయనే చెప్పాడు. ఒక్క విసురే. ఎక్కువిస్తే మళ్ళీ పరుగెత్తుతావు.

"పంఖా ఆగేదాకా నువ్వు దిగినట్టు కాదు" అనేవాడు. నేను చూసిన గురువుల్లో తిట్టినా మనసుకు గాయం కానివాడు ఆయన ఒక్కడే. తిట్టు వెనక పని ఉండేది కనక.

చెరుకు కూడా స్ట్రిప్పే

బోధన్ వచ్చిన మొదటి వారంలో నేను సొంతంగా కనిపెట్టిన సంగతి ఒకటి ఉంది. ఏ పుస్తకంలోనూ లేదు. చెరుకు రెండు నిలువులు పెరిగాక స్ట్రిప్పు ఒక గల్లీ అయిపోతుంది. కొసల మీద గాలి ఈలలేస్తుంటుంది, కింద మొరం మీద ఎండుటాకు కదలదు. వెనకగాలితో వస్తూ కొసల కిందికి దిగామో లేదో, వెనక తోసే చెయ్యి తీసేసినట్టవుతుంది. అప్పుడు విమానం దిగనంటుంది, తేలుతుంది. కొత్తవాడు ఇక్కడ కంగారుపడి ముక్కు కిందికి పొడుస్తాడు. పొడవగూడదు. ముందే వేగం తగ్గించుకుని రావాలి, ఓపిక పట్టాలి.

ఒకసారి చక్రాలు నేలను తాకాక ఆ గల్లీ అమ్మ ఒడి లాంటిది. వెనకగాలి పైన ఉంటుంది, నువ్వు కింద ఉంటావు. మూడేళ్ళు నేను ఆ చాటున దిగాను. రోజుకు ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. ఒక్క గీత పడలేదు.

మా మేనేజర్ గురించి కూడా చెప్పాలి. చెడ్డవాడు కాడు. మాట ఇస్తే నిలబెట్టుకునేవాడు, జీతం తారీఖు తప్పనిచ్చేవాడు కాడు. కాని బూట్లకు మట్టి అంటడం ఆయనకు ఇష్టం లేదు. స్ట్రిప్పు మీదికి వచ్చినా జీపు నీడ దాటేవాడు కాదు. గుంటలు పూడ్పించమనో, గాలి సంచి చినిగింది కొత్తది కట్టించమనో నేను అడిగితే ఒకటే జవాబు. "గాల్లో నువ్వు చూసుకో గంగారాం. నేల మీద నేను చూసుకుంటా."

గాలి సంచి అంటే గాలి ఎటుందో చూపించడానికి కర్రకు కట్టే గుడ్డ గొట్టం. మందు కలపడానికి నీళ్ళు మోసే పోశవ్వ దాన్ని చూసినప్పుడల్లా, "పటేలు లాగు ఆరేసిండు, ఒక కాలు యాడ పోయెనో" అనేది. ఆమె నోటికి జడవనివాళ్ళు మా దగ్గర లేరు.

సాబులు వచ్చిన రోజు

ఆ ఏడు వానలు తెరిపిచ్చిన రోజుల్లో పెద్ద సాబులు కొందరు విమానం పని చూడటానికి వస్తున్నారని మేనేజర్ హడావిడి. కాలువ కొనన, స్ట్రిప్పుకు దక్షిణం పక్క, ఏమీ వేయకుండా పడావు పడ్డ చెలకలో షామియానా వేయించాడు. షామియానాకూ స్ట్రిప్పుకూ మధ్య ఒక మడి చెరుకు ఉంది. ఆ తోట హన్మంత్ రెడ్డి పటేల్‌ది.

పొద్దున నేను లోడుతో లేచాను. ఆ తర్వాత నేల మీద జరిగింది నాకు పటేలే చెప్పాడు. సాబులు చెప్పిన వేళకంటే ముందే వచ్చి కూర్చున్నారు. ముందు చెరుకు అడ్డం. విమానం చప్పుడు వినబడుతుంది, కనబడదు. మేనేజర్‌కు చెమటలు పట్టాయి.

"పటేలా, సాబులకు ఏం కనబడతలేదు. ఈ మడి ఒక్కటి కోయించరాదు?"

"గదెంత పని? సాబుల కంటె చెరుకు ఎక్కువనా?" అన్నాడు పటేల్. అక్కడున్న కూలీలందరికీ కొడవళ్ళు ఇచ్చాడు. ఇంకా తీపి ఎక్కని చెరుకును నరికి మడి చదును చేశారు. అంతటితో ఆగారా? నరికిన దాంట్లో మంచి గడలు ఏరి, పొట్టు తీసి, ముక్కలు కొట్టి పళ్ళేల్లో పెట్టి సాబుల ముందు ఉంచారు. మా దగ్గర అతిథి వస్తే ఉన్నదాంట్లో మంచిది తెచ్చి పెడతారు. నా గోడను నరికి సాబులకు నమలడానికి పెట్టారు.

నేను లోడు ముగించి, చెరుకు కొసల ఎత్తునే తిరిగి వచ్చి, ఎప్పటిలాగే పడమటి నుంచి దిగాను. తోకచక్రం విమానం దిగేటప్పుడు ముక్కు పైకి ఉంటుంది, ఎదురుగా ఏమీ కనబడదు. పక్కల చెరుకు గోడలను చూసుకుంటూ పోవాలి. చక్రాలు తాకాయి, తోక కూర్చుంది, వేగం తగ్గుతోంది. గంట కిందటి వరకు గోడ ఉన్న చోటికి వచ్చేసరికి కుడి పక్కన పట్టపగలు వెలుతురు. షామియానా గుడ్డ నా వైపుకు ఉబ్బి కనబడింది. నాకు అర్థమయ్యేలోపే గాలి తోకను కుడి వెనక నుంచి కొట్టింది.

ఎడమ పెడలు తొక్కాను. రడ్డర్ లేదు. ఉంది గాని లేదు. విమానం పోతున్న వేగమూ, వెనకగాలి వేగమూ ఒకటైపోయాయి. రడ్డర్ మీద పారే గాలి సున్నా. తోక ఎడమకు పోయింది, ముక్కు కుడికి తిరిగింది. ముక్కు ముందు ఏముంది? షామియానా. కుర్చీలు. చేతిలో చెరుకు ముక్కలతో సాబులు.

ఇంజనుకు విసురు ఇస్తే రడ్డర్ బతికేది కావచ్చు. బతకకపోతే తిరుగుతున్న పంఖాతో మనుషుల మీదికి పోయేవాణ్ణి. ఇంజను కట్టేసి, ఎడమ బ్రేకు వదిలి, కుడి బ్రేకు మీద నిలబడ్డాను. అది ఎటు తిరగాలనుకుంటోందో అటే పూర్తిగా తిరగనిచ్చాను. విమానం గిర్రున తిరిగి, ఎడమ రెక్క కొన నేలను గీరి, విరిగి, వచ్చిన దిక్కుకే ముఖం పెట్టి ఆగింది. ఆగిన చోటికీ మొదటి కుర్చీకీ మధ్య ఒక ఎడ్లబండి పడుతుంది. ఒక్క మనిషికి గోరు తగల్లేదు. ఆ పనిని నా జీవితంలో మంచి పనిగా ఇప్పటికీ చెప్పుకుంటాను.

సాబులు కుర్చీలు తన్నేసి కాలువ గట్టెక్కారు. దుమ్ము అణగక ముందే పోశవ్వ బిందె దించి వచ్చింది.

"ఏం గంగన్నా, గిప్పుడు దుక్కి సుత విమానంతోనే దున్నుతున్నవా?" అంది. అని, తన కొంగుతో నా ముఖం తుడిచింది.

మేనేజర్ వచ్చాడు. "సాబుల ముంగట నా ఇజ్జత్ తీసినవ్ గంగారాం."

"చెరుకు ఎవరు కోయమన్నరు సాబ్?"

"చెరుకుకూ దీనికీ ఏం సంబంధం?"

హన్మంత్ రెడ్డి పటేల్ మాత్రం నరికిన మడిలో నిలబడి, తలపాగా కొస గాలికి ఎటు ఎగురుతోందో చూసుకుంటున్నాడు.

ఒక్క మాట

ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"గాలి ఎటుండె?"

"వెనకనుంచి సాబ్."

"తెలిసే దిగావా?"

"రోజూ అట్లనే దిగుత సాబ్. ఈ స్ట్రిప్పు తరీఖా, పద్ధతే అది. జర ఆ కొనదాకా నడిచి రండి, చూపిస్త."

"అవసరం లేదు. ఎంతవరకు చదువుకున్నావు?"

చెప్పాను. ఆయన రాసుకున్నాడు. రిపోర్టు వచ్చింది. వెనకగాలితో దిగరాదన్న ప్రాథమిక విషయం తెలియని పైలట్ అజ్ఞానం వల్ల ప్రమాదం జరిగింది, అంతే. చెరుకు అన్న మాట రిపోర్టులో ఎక్కడా లేదు.

నేను వేల్పూర్ వెళ్ళిపోయాను. వెళ్ళి ఊరుకోలేదు. ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకు రాశాను. ఆయన పై ఆఫీసుకు రాశాను. దానికీ పై ఆఫీసుకు రాశాను. డిక్షనరీ మళ్ళీ బయటికి తీశాను. ప్రతి దాంట్లో ఒకటే అడిగాను. నేను వెనకగాలితో దిగిన మాట నిజం, దాన్ని కొట్టేయమనను. రెక్క విరిగిన మాట నిజం, దాన్నీ కొట్టేయమనను. అజ్ఞానం అన్న ఒక్క మాట కొట్టేయండి. అది ఉన్నన్ని రోజులు ఏ కంపెనీ నా చేతికి విమానం ఇవ్వదు. ఇచ్చినా నేను తీసుకోను.

జవాబు లేదు. నా భార్య లచ్చవ్వ పసుపు ఆరబోస్తూ అనేది, "పొద్దున లేస్తే కాగితం, పొద్దుమూకితె కాగితం. పోస్టాఫీసోడు గింత ముద్ద మనింట్లనే తింటె అయిపాయె, దినాం రాకపోకలు తప్పుతయి."

"నువ్వు సుత నాదే తప్పంటవా?"

"తప్పని నేనెప్పుడన్న? నీ తప్పయితే నువ్వు గింత అరుస్తవా? మూలకు కూసుందువు" అంది. ఆ ఇంట్లో నాకు దొరికిన తీర్పు అది. నాకు అనుకూలంగా వచ్చిన మొదటి తీర్పు.

పెసరు మడి

మళ్ళీ వానాకాలం వచ్చింది, మళ్ళీ పురుగు పడింది. హన్మంత్ రెడ్డి పటేల్ మనిషిని పంపి నన్ను బోధన్ రమ్మన్నాడు. వెళ్ళాను. నన్ను నేరుగా స్ట్రిప్పు కాలువ కొనకు తీసుకుపోయాడు. అన్ని పక్కలా చెరుకు రెండు నిలువులు లేచి ఉంది. ఆ ఒక్క మడిలో మాత్రం మోకాలెత్తు పెసరు చేను.

"గిదేంది పటేలా? చెరుకు పెట్టలే?"

"పెట్టలే."

"ఎందుకు?"

"చెరుకు పెడితె గాలి ఆగుతది గద. రేపు ఎవడన్న వచ్చి ఏడ కొట్టిందిరా గాలి అంటె ఏం సూపిస్తవు?" అన్నాడు. తర్వాత, "నా చెరుకు నేనే నరికించి నీ నోటికాడి ముద్ద తీసిన గంగారాం. నాకు తెల్వక. గా రోజు తలపాగ కొస ఎగిరినప్పుడే నాకు సమజయింది. రిపోర్టు రాసిన సాబుకు చెప్పబోతె, నీకేం తెలుసు పటేలా అన్నడు" అన్నాడు.

చెరుకు పండే నేలలో పెసరు వేసుకోవడమంటే ఎంత రాబడి వదులుకోవడమో రైతులకు తెలుసు.

నా బదులు కంపెనీ పెట్టిన కొత్త పైలట్ సంగతి కూడా ఆయనే చెప్పాడు. రిపోర్టు చదివి వచ్చిన కుర్రవాడు. వెనకగాలి మాట ఎత్తితే భయం. దిగితే ఎదురుగాలితోనే దిగుతానని కాలువ వైపు నుంచి, కరెంటు తీగల మీదుగా వచ్చాడట. చక్రాలు తీగలను రాసుకున్నంత పనైంది. ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుని నిజామాబాద్‌లో రైలెక్కాడు. అతన్ని నేను ఏమీ అనను. అబద్ధం రాసిన కాగితాన్ని నమ్మినందుకు ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు, పాపం. స్ట్రిప్పు మూసేయాలా ఉంచాలా తేల్చడానికి పై ఆఫీసు నుంచి ఒక పెద్ద అధికారి వస్తున్నాడని, మూసేస్తే ఈ ఏడు చెరుకు మీద ఆశ వదులుకోవడమేనని పటేల్ చెప్పాడు.

"అందుకే పిలిచిన. నువ్వు రాసిన కాగితాలు వాళ్ళు సదువుతరో లేదో. ఆయననైతే నేను నడిపిస్త" అన్నాడు.

వెనక సీటు

నడిపించే పని పడలేదు. ఆ అధికారి తన రెండు సీట్ల చిన్న విమానంలో వచ్చాడు. అదీ తోకచక్రందే, రెండు సీట్ల దగ్గరా స్టిక్కూ పెడళ్ళూ ఉన్నది. స్ట్రిప్పు మీద రెండు చుట్లు తిరిగి, గాలి పడిపోయిన ఒక తెరిపిలో నెమ్మదిగా దిగాడు. దిగగానే ఎవరితోనూ మాట్లాడకుండా పడమటి కొన నుంచి తూర్పు కొనదాకా నడిచాడు. బూట్లకు మొరం అంటుకుంది, దులుపుకోలేదు. నా గుండెలో సగం బరువు అప్పుడే దిగింది.

కోస్తా మనిషి, జుట్టు నెరిసింది. "మీరేనా ఉత్తరాలు రాసే గంగారాం? ఏమిటండీ మీ వాదన?" అన్నాడు.

"నోటితో చెప్తె ఎవరూ వినలే సాబ్. మధ్యాహ్నం గాలి లేచేదాకా ఆగండి, సూడుండ్రి" అన్నాను.

పోశవ్వా, ఆమె వెంట ఉన్న ఆడవాళ్ళూ పాత ఎర్రచీరను చించి పేలికలు చేశారు. స్ట్రిప్పుకు దక్షిణం అంచున కర్రలు పాతి, ఒక్కో కర్రకు ఒక్కో పేలిక కట్టుకుంటూ పోయారు. పెసరు మడి ముందర కూడా కట్టారు. మధ్యాహ్నానికి నైరుతి గాలి లేచింది. చెరుకు కొసలు కుస్తీ పడుతున్నాయి. చెరుకు చాటున ఉన్న పేలికలు మాత్రం తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. పెసరు మడి ముందర పేలికలు కర్రల నుంచి ఊడిపోతాయా అన్నట్టు అడ్డంగా నిలబడి కొట్టుకుంటున్నాయి.

అధికారి ఆ పేలికల వరస చూశాడు. మేనేజర్ వచ్చాడు, మొదటిసారి జీపు నీడ దాటి. ఆయన కూడా చూశాడు.

"కళ్ళకు కనబడుతోంది" అన్నాడు అధికారి. "కాని గాలి ఉందని తెలిసి కూడా ఇక్కడ వెనకగాలితో దిగడం సాధ్యమేనా? అది కదండీ ప్రశ్న. స్ట్రిప్పు ఉంచాలా వద్దా అన్నది దాని మీదే ఉంది."

"సాధ్యమే సాబ్."

"అయితే ముందు సీట్లో కూర్చోండి. లైసెన్సు నాది, బాధ్యత నాది. నేను వెనక కూర్చుంటాను."

ఏడాది తర్వాత చేతికి స్టిక్ తగిలింది. పడమటికి లేచి, చుట్టు తిరిగి, మళ్ళీ పడమటి నుంచి వచ్చాను. గాలి వీపు మీద ఉంది. చెరుకు కొసలు కింద పచ్చటి వరదలా మాతోపాటే పరుగెత్తుతున్నాయి. ముందే వేగం తగ్గించాను. కొసల కిందికి దిగగానే వెనక తోపు ఆగింది, విమానం తేలబోయింది. ఓపిక పట్టాను. స్ట్రిప్పు మొదట్లోనే మూడు చక్రాలూ ఒక్కసారి తాకాయి. కిటుకంతా ఇక్కడే ఉంది పిల్లలూ. ఆ రోజు సాబుల ముందు దిగినప్పుడు గోడ చివరిదాకా ఉందనుకున్నాను కాబట్టి వేగాన్ని దానంతట అదే తగ్గనిచ్చాను. ఈసారి గోడ ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు. వేగాన్నంతా చెరుకు చాటునే ఖర్చు పెట్టేశాను. మొదటి పేలిక వేలాడుతోంది. రెండోది వేలాడుతోంది. బ్రేకులను పిల్లిని నిమిరినట్టు నిమిరాను. పెసరు మడి దగ్గరికి వచ్చేసరికి ఎద్దు నడక.

పేలిక అడ్డంగా లేచింది. స్టిక్ ముందుకు. ఎడమ పెడలు నిండా. ఇంజనుకు ఒక్క విసురు. తోకను కుడి పక్క నుంచి గాలి తన్నింది, రేకులు గలగలమన్నాయి, ముక్కు కుడికి చూసి, మనసు మార్చుకుని మళ్ళీ తిన్నగా అయింది. పెసరు మడి దాటిపోయింది. విమానాన్ని కాలువ దగ్గర మందు డ్రమ్ముల ముందు, రోజూ ఆపే చోటే ఆపి, ఇంజను కట్టేశాను. పంఖా ఆగింది. అప్పుడు దిగినట్టు.

బయట పోశవ్వ ఈలేసింది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. వెనక సీటు నుంచి ఒకటే మాట వచ్చింది.

"ఇంకోసారి."

ఇంకోసారి చేశాను. గాలి మొదటిసారి కంటే పెరిగింది. మొరం మీద చక్రాల గీతలు చూస్తే రెండో జత మొదటి జత మీదే పడింది. పటేల్ వంగి ఆ గీతలను వేళ్ళతో తడిమి చూశాడు, విత్తనం సాలు చూసినట్టు.

అధికారి దిగి చెమట తుడుచుకుంటుంటే పోశవ్వ నీళ్ళు తెచ్చి ఇచ్చింది. "సాబూ, మా గంగన్నకు సదువు వచ్చినట్టేనా, ఇంక బడికి తోలాల్నా?" అంది. ఆయన నీళ్ళు పొలమారేదాకా నవ్వాడు. నాతో మాత్రం ఆఫీసు నుంచి రాస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆయన విమానం కనుమరుగయ్యాక మేనేజర్ నా దగ్గరికి వచ్చాడు. "గంగారాం, పాతవి మనసుల పెట్టుకోకు. మళ్ళ రా" అన్నాడు.

"వస్త సాబ్. ఆ కాగితం వచ్చినంక వస్త. కాని ఒక్క షరతు. ఇగ మీద నేల సుత నాదే. ఈ స్ట్రిప్పు పక్కన గడ్డిపోచ కోసినా నాకు చెప్పి కోయాలె."

ఆయన తన బూట్ల వైపు చూసుకున్నాడు. అవి ఎర్రగా ఉన్నాయి. "బరాబర్" అన్నాడు.

డెబ్బైల్లో నేను పని మానేసేదాకా ఆ షరతు నడిచింది. తర్వాత వచ్చిన పైలట్లకు నేను నేర్పిన మొదటి పాఠం ఎగరడం కాదు, స్ట్రిప్పు ఈ కొన నుంచి ఆ కొనకు నడవడం, పక్క తోటల రైతులతో మాట్లాడటం. ఎవరు ఎప్పుడు కోస్తారో, ఏ మడిలో ఏం వేస్తారో పైలట్‌కు తెలియాలి. మీకూ అదే చెప్తున్నాను. మీ స్ట్రిప్పు కాంక్రీటుదైనా సరే, చుట్టూ చెరుకుకు బదులు మేడలున్నా సరే. గాలి దేని చాటున ఆగుతోందో, ఏ సందులోంచి వస్తోందో ఎవరి రిపోర్టులోనూ ఉండదు. కాళ్ళతో పోయి తెలుసుకోవాలి. దిగాక కూడా పాదాలను నిద్రపోనివ్వకండి.

జవాబు

ఆ కాగితం కోసం నేను పసుపు చేనులో కలుపు తీత అయిపోయేదాకా ఎదురుచూశాను. వచ్చిన రోజు లచ్చవ్వ చదవమంది. ఇంగ్లీషులో ఉంది. తెలుగు చేసి చదివాను. ఆమె మళ్ళీ చదవమంది. ఇప్పుడు మీకూ చదువుతున్నాను:

"మీ ప్రమాదం రిపోర్టు నుంచి 'పైలట్ అజ్ఞానం' అన్న మాటలు కొట్టివేయడమైనది. స్ట్రిప్పు పక్కన నిలిచి ఉన్న పైరును పైలట్‌కు తెలపకుండా కోయించడమే కారణమని రాయడమైనది. మీ లైసెన్సు నేటి నుంచి చెల్లుతుంది. స్ట్రిప్పు ఇప్పుడున్న పద్ధతిలోనే నడవవచ్చును. ఆఫీసు మాట ఇంతవరకే. ఇక నా సొంత మాట ఒకటి. ఆ రోజు రెండుసార్లూ వెనక సీట్లో నా పాదాలను పెడళ్ళ మీదే ఉంచుకుని కూర్చున్నాను. తొక్కే పని పడలేదు."